పెందుర్తి మేడమీద బాస్ పెట్టె

నా తోడికోడలి ఇంట్లో మేడమీద హాలు మొదటిసారి చూసిన రోజు నాకు భోజనం సయించలేదు. గృహప్రవేశం భోజనం అది. గుత్తివంకాయ, పులిహోర, బూరెలు, అన్నీ నాకిష్టమైనవే. విస్తరి ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నానే గాని మనసంతా ఆ హాల్లోనే ఉంది. పోర్టు క్వార్టర్సులో మా ఇల్లు మొత్తం, వంటగది, వెనక వరండాతో సహా ఎత్తుకెళ్ళి అందులో పెట్టినా చుట్టూ మనుషులు తిరగడానికి చోటు మిగుల్తుంది. మేము మంచం ఎత్తి గోడకి ఆనిస్తేగాని నేలమీద పీట వేసుకోలేనివాళ్ళం.

ఎనభైల నడిమి మాట. మావారు పోర్టులో గుమాస్తా. ఆయన తమ్ముడు, అంటే నా మరిది, స్టీల్ ప్లాంటు కడుతున్న ఆ రోజుల్లో మట్టిపనుల కాంట్రాక్టులు పట్టి పైకొచ్చాడు. పెందుర్తిలో అప్పుడప్పుడే లేస్తున్న కాలనీలో స్థలం కొని మేడ వేశాడు. కింద కాపురం. పైన ఒక్కటే హాలు, మధ్యలో స్తంభం కూడా లేకుండా. "అంత హాలు ఎందుకర్రా, పెళ్ళిళ్ళకి అద్దెకిస్తారా?" అని బంధువులు నవ్వితే, మరిది కాలరు సర్దుకుని, "సినిమా హాలండీ. ఇంట్లోనే" అన్నాడు.

ఆ వేళ భోజనాలయ్యాక అతను నన్ను పైకి పిలిచాడు. హాల్లో ఓ గోడ దగ్గర కలర్ టీవీ, దాని కింద వీసీఆర్ పెట్టి, పట్టుగుడ్డ కప్పి ఉంచాడు. వీసీఆర్ ఓడలో వచ్చిన సరుకు. ఆ రోజుల్లో విశాఖపట్నంలో అలాంటివి ఓడల్లోంచి దిగి, వన్ టౌన్ సందుల్లో నడిచి, ఉన్నవాళ్ళ ఇళ్ళకి చేరేవి.

"బొమ్మ బావుంది ఒదినా. సౌండే నేదు. టీవీలోంచి వత్తన్న సౌండు ఈ గది మధ్యకొచ్చేసరికి సచ్చిపోతంది. పెద్ద స్పీకరేదో కావాల. నువ్వొచ్చి సెలక్ట్ సెయ్యాలి."

"నాకేటి తెల్సు బాబూ?" అన్నాను.

"నీకు తెల్దా! నాను నమ్మను."

నాకు తెలుసునని అతనికి తెలుసు. మా నాన్న డేరా సినిమాలో ఆపరేటరు. విజయనగరం, పార్వతీపురం, బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ళల్లో డేరా వేసి, కొన్నాళ్ళు ఆడించి, ఎత్తేసి ఇంకో ఊరికి పోయేవాళ్ళం. నా చిన్నతనమంతా తెర వెనక గడిచింది. తెరకి వెనక బల్లమీద పెద్ద స్పీకరు పెట్టె ఉండేది. మా అమ్మ దాని పక్కనే చాప పరిచి నన్ను పడుకోబెట్టేది. యుద్ధాలు, ఉరుములు, రథాలు నా వీపుకింద నేలలోంచి వచ్చేవి. ఊరు మారినప్పుడల్లా నాన్న ఆ పెట్టెని అటూ ఇటూ జరిపి, అమ్మని డేరా అంతా తిరిగి రమ్మనేవాడు. ఎక్కడ గుండెలో మోగింది, ఎక్కడ ఒట్టి చెవిలో మోగింది, అమ్మ వచ్చి చెప్పేది. పెళ్ళయ్యాక ఈ సంగతులు మా అత్తవారింట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కోడలి తండ్రి డేరాలవాడు అనడం వాళ్ళకి నామోషీ. ఎవరైనా అడిగితే "సినిమా లైన్లో ఉండేవారు" అని ఊరుకునేవారు.

క్వార్టర్సుకి తిరిగొచ్చాక మావారితో అన్నాను, "ఆ హాలు కట్టుకున్నది ఆళ్ళు, దాంట్లో సౌండెలా ఉండాలో నాను సెప్పాలా?"

ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలిస్తూ, "నీకెందుకే అదంతా? అడిగేడు, తెలిస్తే సెప్పు. నేదంటే ఊరుకో" అన్నారు. ఆయనతో వచ్చిన చిక్కే అది. తమ్ముడు జీపులో తిరుగుతున్నా, తను సైకిలు మీద డ్యూటీకి వెళ్తున్నా, ఆ ముఖంలో ఏ మార్పూ కనిపించేది కాదు. ఇంటికంతటికీ సరిపడా ఏడుపు నేనొక్కదాన్నే ఏడవాల్సి వచ్చేది.

అయినా వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేకపోయాను.

వన్ టౌన్‌లో, హార్బరుకి దగ్గరగా ఉన్న ఓ ఇరుకు సందులో ఆ దుకాణం ఉండేది. దుకాణం సాయిబుగారు పెద్దాయన. మైకు సెట్లకి, పెళ్ళి బ్యాండ్లకి స్పీకరు పెట్టెలు చేయించి అమ్మేవారు. ఓడల సరుకు కూడా దొరికేది ఆయన దగ్గర. మరిది, తోడికోడలు, నేను ముగ్గురం వెళ్ళాం. నా తోడికోడలు జాలరిపేట దగ్గర పుట్టి పెరిగిన పిల్ల. నాకన్నా బాగా చిన్నది. దారి పొడుగునా జీపులో వెనక్కి తిరిగి కబుర్లే. "అక్కా, నువ్వుంటే నాకు బెంగుండదు. ఈయనైతే ఏది మెరిస్తే అది కొనీసి వచ్చీస్తాడు."

సాయిబుగారు మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, ముందుగా ఓడ సరుకే తీశారు. నల్లగా, నున్నగా, ముందు వెండిరంగు జాలీతో అద్దంలా ఉంది ఆ పెట్టె. ఆయన క్యాసెట్టు పెట్టి మీట తిప్పగానే దుకాణం అంతా దద్దరిల్లింది. అరలమీద వైర్ల చుట్టలు అదిరాయి.

"జపాన్ మాల్ సాబ్! చూడండి, గుండెలో కొడుతోంది" అన్నారు సాయిబుగారు.

"అక్కా, ఇదెంత బావుందో! మన కర్టెన్లకి సరీగ్గా సరిపోద్ది" అంది నా తోడికోడలు.

మరిది అప్పుడే జేబులో చెయ్యి పెట్టేశాడు. నేను లేచి, దుకాణం మెట్లు దిగి, సందులోకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడికి పాట వస్తోంది గాని దాని కింద ఉండాల్సిన బరువు రావడం లేదు. ఇరుకు గదిలో ఏ పెట్టైనా గట్టిగానే మోగుతుంది. బిందెలో తల పెట్టి మాట్లాడితే ఎవరి గొంతైనా గంభీరంగానే ఉంటుంది కదా.

ఆ సందులో నిలబడ్డ కాసేపు నా మనసులో ఏమేం తిరిగాయో చెబుతాను. లోపలికి వెళ్ళి "బావుంది, కొనీండి" అంటే అయిపోతుంది. వాళ్ళు ఇంటికి తీసుకెళ్తారు, అంత పెద్ద హాల్లో అది దోమలా జుయ్యిమంటుంది, వచ్చిన వాళ్ళంతా పెదవి విరుస్తారు. ఆ బొమ్మ కళ్ళముందు మెదిలితే తియ్యగానే ఉంది. కానీ దాని వెంటనే ఇంకో కోరిక లేచింది. అది మొదటిదానికన్నా పెద్ద ఓర్వలేనితనం. ఆ హాలు నాది కాదు. ఆ టీవీ నాది కాదు. అందులో మోగే శబ్దమైనా నాది కావాలి. ఎవరు ఆ హాల్లో కూర్చున్నా నేను వినిపించిందే వినాలి.

మెట్లెక్కి లోపలికొచ్చి, "ఇది చాలదు. ఇంకా పెద్దది సూపించండి" అన్నాను.

సాయిబుగారు లోపలి గదిలోంచి తాను చేయించిన బాస్ పెట్టె, బరువైన కింది శబ్దం కోసం వాడేది, తెప్పించారు. మందం ప్లైవుడ్డు, రంగు వెయ్యలేదు, అంచుల్లో జిగురు మరకలు. ధాన్యం పోసుకునే పెట్టెంత ఉంది. లోపల స్పీకరు మా ఇంట్లో చపాతీల పెనంకన్నా వెడల్పు. కింద ఓ పలకలాంటి నోరు, గాలి రావడానికి. మోగించారు. మొదటిదాని అంత గట్టిగా అనిపించలేదు. కానీ నేను మళ్ళీ సందులోకి వెళ్ళి నిలబడితే, అక్కడ నా చెప్పుల కింద రాయి సన్నగా వణికింది.

"ఇదే" అన్నాను.

తోడికోడలి ముఖం చిన్నబోయింది. "ఇదేటక్కా, కోళ్ళగంపలా ఉంది!"

మరిది ఇద్దరి వంకా చూశాడు. సాయిబుగారే తగువు తీర్చారు. "రెండూ తీసుకెళ్ళండి సాబ్. నేనూ వస్తా. హాల్లో పెట్టి వినండి. నచ్చింది ఉంచుకోండి, రెండోది నేను వెనక్కి తెచ్చుకుంటా."

రెండు పెట్టెలూ జీపు వెనక కట్టి ఆదివారం పొద్దున్నే పెందుర్తి చేర్చారు. మావారు కూడా వచ్చారు. ముందు ఓడ పెట్టె పెట్టారు. నేననుకున్నట్టే అయింది. టీవీ దగ్గర నిలబడితే పరవాలేదు, వెనక కుర్చీల దగ్గరికొస్తే పక్కింటి రేడియోలా ఉంది. నాకు లోపల్లోపల ఎంత సంతోషమో. తర్వాత నా పెట్టె పెట్టారు, టీవీ పక్కనే, గోడ మధ్యలో.

అది ఇంకా అన్యాయంగా ఉంది.

మరిది క్యాసెట్టులో గుర్రాల దండు వచ్చే చోటు పెట్టాడు. గుర్రాలు పరిగెడుతుంటే బియ్యం చెరుగుతున్నట్టుంది. సాయిబుగారు మీట ఇంకా తిప్పారు. పెట్టె గరగరమంది గాని బరువు రాలేదు. మరిది గోళ్ళు చూసుకుంటున్నాడు. తోడికోడలు మాత్రం, "పోనీలే అక్కా, రెండూ బాగానే ఉన్నాయి" అంది. ఆ ఓదార్పుకి నా ఒళ్ళు మండిపోయింది. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ భుజం తట్టినట్టు అనిపించింది నాకు. అది అలా అనలేదని ఇప్పుడు తెలుసు.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మ డేరాలో తిరగడం. "పెట్టె ఎత్తి కుర్చీల దగ్గర పెట్టండి" అన్నాను.

"మనుషులు కూకునే చోటా?" అన్నాడు మరిది.

"పెట్టు బాబూ, సెప్తాను."

మనిషి కూర్చునే చోట పెట్టె పెట్టి మోగించమని, నేను గోడల వెంట నడిచాను. మనిషి కూర్చున్నచోట బాగా వినపడాలంటే, అక్కడే పెట్టెని మోగించి, గది మొత్తంలో ఎక్కడ బాగా వినపడుతోందో వెతికి, పెట్టెని ఆ చోటికి మార్చాలి. నాన్న పెట్టెని జరుపుతూ అమ్మని తిప్పేవాడు, నేను దాన్నే తిరగేసి చేశాను. కిటికీ దగ్గర ఏమీ లేదు. తలుపు దగ్గర కొంచెం ఉంది. మెట్ల వైపు మూలకి వచ్చేసరికి ఎవరో లోపల్నుంచి నా పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టినట్టయింది. అక్కడే ఆగిపోయాను.

ఆ మూలలో నా తోడికోడలి అద్దాల బీరువా ఉంది. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు, గవ్వలతో చేసిన ఓడ, అన్నీ వరసగా పేర్చుకుంది. పెళ్ళయినప్పట్నుంచీ కూడబెట్టుకున్న బొమ్మలవి.

"ఇక్కడ పెట్టాలి" అన్నాను, దాని ముఖం చూడకుండా.

అది వద్దంటుందనుకున్నాను. అంటే బాగుండునని కూడా అనుకున్నాను. అది చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఆ బొమ్మలన్నీ ఒడిలోకి తీసేసి, "ఇంకేటి తియ్యాలక్కా?" అంది.

బీరువా పక్కకి లాగి పెట్టె మూలలో పెడితే మొదట మరీ ఎక్కువైంది. అంతా ఒకటే గుయ్యిమని మోత. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. గోడకి కొంచెం ఎడంగా జరిపించి, పెట్టె కింద కొబ్బరిపీచు పట్టా వేయించి, కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కించాను. మళ్ళీ గుర్రాలు వచ్చాయి. ఈసారి అవి దూరంనుంచి నేలమీదుగా వచ్చి, మా పాదాల్లోకి ఎక్కి, ఛాతీలోంచి దాటిపోయాయి. సాయిబుగారు గెడ్డం నిమురుకుంటూ "వాహ్, బేటీ!" అన్నారు. మరిది ఎగిరి గంతేసినంత పని చేశాడు. మావారు కుర్చీలోంచి లేవకుండా నా వంక ఒక్కసారి చూసి, మళ్ళీ టీవీ వంక చూశారు.

తరవాతి ఆదివారం మరిది సైటు ఇంజనీర్లని, తోటి కాంట్రాక్టర్లని మధ్యాహ్నం ఆటకి పిలిచాడు. హాలు నిండిపోయింది. సినిమా మొదలవగానే అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి, ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతుక్కున్నారు. విరామం ఇచ్చినప్పుడు పొగడ్తలు మొదలయ్యాయి. "ఎవరండీ సెట్ చేసింది? మద్రాసునించి ఎవరైనా వచ్చారా?" అని అడిగాడో ఇంజనీరు.

"మా ఒదినండి. ఆవిడికి ఇలాటివి..." అని మరిది నసుగుతుంటే, టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చిన నా తోడికోడలు గొంతెత్తి చెప్పేసింది. "అక్కా వాళ్ళ నాన్నగారు డేరా సినిమా ఆపరేటరండి. మా అక్క తెర ఎనకాలే పెరిగింది. సౌండంటే ఆవిడికి తెలీందేటి!"

ఇన్నేళ్ళుగా మూసిపెట్టిన మాట, అందరి ముందూ, టీ గ్లాసులు అందిస్తూ! ఎవరు నవ్వుతారా అని తల వంచుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మూలనున్న పెద్ద కాంట్రాక్టరొకాయన ముందుకు వంగి, "ఏ ఊళ్ళమ్మా? మా ఊరికీ వచ్చేది డేరా. టిక్కట్టు కొనకుండా తెర ఎనక నుంచి తిరగబడ్డ బొమ్మ సూసీవోళ్ళం. హీరోలందరూ ఎడంచేత్తో కొట్టేవోరు" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నా తోడికోడలి వంక చూశాను. అప్పుడు నాకు కలిగిన అసూయ హాలు చూసి కలిగిన దానికన్నా పెద్దది. నా తండ్రిని నేను చెప్పుకోలేని చోట అది ఎంత తేలిగ్గా చెప్పేసింది! దానికి దాచుకోవడం రాదు. ఎవరి మీదా ఏడవడమూ రాదు. అలాంటి మనసు దానికెవరిచ్చారో, నాకెందుకు ఇవ్వలేదో.

రెండో సగం నడుస్తుండగా మంచినీళ్ళకని కిందికి దిగాను. వంటింట్లో అది ఒక్కతే అరటికాయ బజ్జీలు వేస్తోంది. పైన పెట్టె మోగినప్పుడల్లా అటకమీద స్టీలు గిన్నెలు గలగలమంటున్నాయి.

"పైకి రావేటే?" అన్నాను.

"పిండి కలిపీసేనక్కా. ఇదిగో, విను..." అని గరిటె గాల్లో ఆపి కప్పు వైపు చూసింది. దడ్ దడ్ దడ్ మని పైనుంచి వస్తోంది. "గుర్రాలొచ్చీసినాయి. కాసేపట్లో కోట తలుపు పడిపోద్ది, సూడు."

కోట తలుపు పడింది. అటకమీద ఓ మూత జారింది.

"ఈ సినిమా సూసేవేటి?"

"సూళ్ళేదు. ఆయన రోజూ పెట్టి అందరికీ సూపిత్తన్నాడు కదా. కిందినుంచి వింటే కథ తెలిసిపోద్ది."

ఆ హాల్లో అది ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. నాకు జాలి వేసిందంటే కొంత అబద్ధం. ముందు వేసింది కోపం. అంత హాలు ఉంచుకుని కింద నూనె పొగలో నిలబడేది అయితే, ఆ హాలు దీనికెందుకు? గరిటె లాక్కుని, "ఎల్లు పైకి. నాను వేత్తాను" అన్నాను.

"వొద్దక్కా, నువ్వు పెద్దదానివి..."

"ఎల్లమన్నానా!"

కొంగుతో చేతులు తుడుచుకుంటూ చిన్నపిల్లలా మెట్లెక్కి పరిగెత్తింది. నేను బజ్జీలు వేస్తూ నిలబడ్డాను. పైన అందరూ పగలబడి నవ్విన చప్పుడు వచ్చింది. అందులో దాని నవ్వు విడిగా వినిపించింది. పంపిందాన్ని నేనే. అయినా ఆ నవ్వు వినగానే మళ్ళీ కడుపులో మంట. ఏ చోట నవ్వుతున్నారో, ఏం చూసి నవ్వుతున్నారో నాకు తెలియలేదు. ఓ వాయి బజ్జీలు మాడిపోయాయి.

ఆ తర్వాత మగవాళ్ళు పనుల్లోకి పోయిన మధ్యాహ్నాలు అప్పుడప్పుడు బస్సెక్కి పెందుర్తి వెళ్ళేదాన్ని. కిటికీలు మూసి, ఇద్దరం నేలమీద కూర్చుని, అది అడిగిన క్యాసెట్టు పెట్టేవాళ్ళం. దానికి ఏడుపు సినిమాలంటే ఇష్టం, నాకు ఉరుములున్నవి. సినిమా అయ్యాక మా ఇంటికి తిరిగొచ్చి తలుపు తీస్తే, రెండడుగుల్లో ఎదుటి గోడ వచ్చేది. ఆ గోడ చూసినప్పుడల్లా నాకు కళ్ళు మండేవి. నా తోడికోడలితో స్నేహం పెరిగింది గాని ఆ మంట మాత్రం తగ్గలేదు. రెండూ పక్కపక్కనే ఉండగలవని అప్పుడే నాకు తెలిసింది.

కొన్నేళ్ళకి ఇక్కడి పనులు పల్చబడి, మరిదికి దూరంగా ఎక్కడో ఆనకట్ట పని దొరికింది. కాపురం అక్కడికే మార్చాడు. మేడ అద్దెకి ఇచ్చారు. సామాన్లు లారీకెక్కిస్తున్న రోజు నా తోడికోడలు నన్ను మేడమీదికి తీసుకెళ్ళి, "అక్కా, ఈ పెట్టె నువ్వు తీసుకెళ్ళిపో. అక్కడ సైటు క్వార్టర్సులో పట్టదు" అంది.

ఎంత కావాలనిపించిందో! చేత్తో దాని అంచు రాసి చూశాను. కానీ మా గదిలో అది పెడితే మేము వీధిలో పడుకోవాలి. "నాకొద్దే. పక్కీధిలో షామియానాలు అద్దెకిచ్చే ఆయనకిచ్చీండి, నలుగురి పెళ్ళిళ్ళకి పనికొస్తాది" అన్నాను. షామియానా ఆయన మనుషులొచ్చి మోసుకెళ్ళారు. మెట్ల మలుపులో గోడకి తగిలించి సున్నం రాల్చారు. చూడలేక లోపలికొచ్చేశాను.

లారీ కదిలాక, జీపులోంచి అది చాలా దూరం దాకా చెయ్యి ఊపుతూనే ఉంది. మావారూ నేనూ బస్టాపుకి నడిచాం. బస్సు రాలేదు. ఓ కిళ్ళీకొట్టు పందిరి నీడలో నిలబడ్డాం.

ఉన్నట్టుండి ఆయన అన్నారు, "ఆడి హాల్లో కూకున్నప్పుడల్లా నాకు లోపల ఎలగుండీదో నీకు తెల్దు."

నేను తల తిప్పి చూశాను. ఆయన రోడ్డు వైపే చూస్తున్నారు.

"మా అన్నియ్య, పోర్టులో గుమాస్తా అని అందరికీ పరిచయం సేసీవోడు కదా. అప్పుడు లేసి ఎల్లిపోవాలనిపించీది."

"మరి నాకెప్పుడూ సెప్పలేదేటి? నాను ఒక్కదాన్నే సెడ్డదాన్ననుకున్నాను ఇన్నాళ్ళూ."

"నువ్వు గట్టిగానే ఏడిసీదానివి కదా. ఇద్దరం ఏడిస్తే ఇల్లు సాలదని ఊరుకున్నాను."

నాకు నవ్వు ఆగలేదు. కిళ్ళీకొట్టాయన తొంగి చూశాడు. మావారు కూడా నవ్వడం మొదలుపెట్టారు, భుజాలు కదిలేలా, శబ్దం లేకుండా. అంతలో బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ఎక్కి, ఒకే కడ్డీ పట్టుకుని, గోపాలపట్నం దాటేదాకా నిలబడే వచ్చాం. అక్కడ ఓ సీటు ఖాళీ అయితే ఆయన నన్ను కూర్చోమన్నారు. ఆయన్నే కూర్చోమన్నాను. మేము అలా అనుకుంటుండగానే వెనకనించి ఎవరో వచ్చి కూర్చున్నారు.